నిండుకున్న ఊరు

నమోదు 41

ప్రతి గూడ్సు గుమస్తా స్టేషన్ విశేషాలు నమోదు చెయ్యాలని సరుకు రవాణా సంస్థ నియమం. వాటిని ఎవరూ చదవరన్నది రాయని నియమం. ఇంతవరకూ ప్రతి నమోదులోనూ "అంతా సవ్యం" అనే రాశాను. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కాబట్టి ఇవాళ్టి నుంచి నిజం రాయదలుచుకున్నాను.

నా పేరు సత్యవేణి. మిట్టపాలెం స్టేషన్లో గూడ్సు గుమస్తాని. మిట్టపాలెం అంటే మొన్నమొన్నటి దాకా రెండు గొర్రెల మందలూ, ఒక బోరింగూ. కింద డెల్టాలో సముద్రం గొల్లలరేవు వీధుల్లోకి వచ్చి కాపురం పెట్టాక, రేవులో ఉన్న నలభై వేలమందీ ఈ మిట్టమీదికి ఎక్కారు. వాళ్ళ వెనకే సబ్బుల ఫ్యాక్టరీ, అప్పడాల కంపెనీ, సినిమాహాలు కుర్చీలు, పళ్ళ డాక్టరు. సరుకు ఎటు పోతే గుమస్తా అటు పోవాలి గనక నన్నూ ఎక్కించారు.

మా ఆయన జగ్గారావు గారు మాత్రం రేవులోనే ఉన్నారు. లాకు సూపర్‌వైజరు ఆయన. పోటు వచ్చినప్పుడల్లా కాలవ లాకు తలుపులు దించకపోతే ఉప్పునీళ్ళు ఎగువనున్న ముప్ఫై ఊళ్ళ చేలల్లోకి ఎక్కేస్తాయి. ఆ ఊళ్ళన్నీ మట్టి పోసి ఎత్తు చేసేదాకా ఆ పని ఎవరో ఒకరు చెయ్యాలి. ఎవరో ఒకరు అన్నప్పుడల్లా అది మా ఇంటి మీదికే వస్తుంది. రైలెక్కుతూ నేను "వెళ్ళొస్తానండీ" అన్నాను. ఆయన "తలుపు దగ్గర నిలబడకు" అన్నారు. మా కాపురంలో ఇంతకంటే సరసమైన మాటలు తక్కువ.

నమోదు 44

ఇవాళ మా స్టేషన్ అవతలి కొండకి ఒక వాగన్ నిండా దీపాల నూనె వచ్చింది. కొండ మీద ఉన్నది ఒక సిగ్నల్ స్తంభం, దాని మీద ఒక గద్ద. గద్ద సంతకం పెట్టదు కనుక నేనే పెట్టాను.

విచారిస్తే తేలింది. మా ఇళ్ళ వరసలో ఉమ్మడి వంటిల్లు నడిపే పెద్దావిడ బుల్లెమ్మ గారు. నిన్న గాలికి దేవుడి దగ్గర దీపం ఆరిపోతే, ఆరిందనకూడదు కదా, "అయ్యో, దీపం కొండెక్కిందే" అందట. అది పెద్దచెవి విన్నది.

పెద్దచెవి అంటే మా సంస్థవారి గిరాకీ అంచనా యంత్రం. దాని అసలు పేరు చాలా పొడుగు, పలికేలోపల రైలు వెళ్ళిపోతుంది. పూర్వం సరుకు కావాలంటే దరఖాస్తు పెట్టేవాళ్ళం. పది బస్తాలు కావలసినవాడు ముప్ఫై రాస్తున్నాడని దరఖాస్తులు ఎత్తేశారు. మనిషి ఎక్కడ అబద్ధమాడినా సొంత వంటింట్లో ఆడడని ఎవరో మేధావి కనిపెట్టాడు. పెళ్ళి కానివాడై ఉంటాడు. దాంతో ప్రతి వంటింట్లోనూ బియ్యం డబ్బా పక్కన రూపాయి బిళ్ళంత చెవి ఒకటి అతికించారు. ఇంట్లో ఆడవాళ్ళు ఏమనుకుంటే అది వింటుంది, కావలసింది పంపిస్తుంది. నిఘంటువు మొత్తం కంఠతా వచ్చట దానికి. నిఘంటువు మటుకే వచ్చు.

నూనెని నవ్వుకుంటూ దింపించాను. లోడింగ్ మేస్త్రీ ఓబులేసు ఇక్కడి మనిషి. "ఏంమ్మా, మీ మిషనుకు వాళ్ళమ్మ మాటలు నేర్పియ్యలేదా ఏంది?" అన్నాడు. దానికి అమ్మ లేదని చెప్పాను. "అదీ సంగతి" అన్నాడు.

నమోదు 52

నవ్వు ఆగిపోయింది. బియ్యం రావడం లేదు.

మొదట్లో పునరావాసం వాళ్ళు తెచ్చి పోసిన బియ్యం ఇన్నాళ్ళూ సరిపోయాయి. అవి అడుగంటుతున్నాయి. అడుగంటిన ప్రతి ఇంట్లోనూ ఇల్లాలు డబ్బా మూత తీసి, లోపలికి చూసి, తరతరాలుగా ఆడవాళ్ళందరూ అన్న మాటే అంది: "బియ్యం నిండుకున్నాయి."

నిండుకున్నాయట, సంతోషం, అనుకుంది పెద్దచెవి.

ఎంత సంతోషమంటే మిట్టపాలెంకి అవార్డు ఇచ్చింది. "ఇంటింటా ధాన్యం నిండిన తొలి మిట్ట పట్టణం" అని రాసి ఉన్న ఇత్తడి ఫలకం ఇవాళ రైల్లో దిగింది. వాగన్ మొత్తానికి అదొక్కటే సరుకు. దాన్ని మొయ్యడానికి నలుగురు కూలీలు కావాలని కూడా యంత్రమే అంచనా వేసింది. ఓబులేసు ఒక చేత్తో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

జోనల్ ఆఫీసులో ప్రద్యుమ్న గారికి ఫోన్ చేశాను.

"సార్, నిండుకున్నాయంటే అయిపోయాయని."

"నాకు తెలీదా సత్యవేణి గారూ? మా అమ్మగారూ అలాగే అంటారు."

"మరి దానికి చెప్పండి."

"మనం చెబితే వినదండీ. మనలాంటివాళ్ళు చెప్పేది వినకూడదనే కదా దాన్ని పెట్టింది."

"జనం పస్తులుంటారు సార్."

"గ్రాఫ్ మాత్రం అద్భుతంగా ఉందండీ. ఒక్కసారి చూడండి, మీకే తెలుస్తుంది."

చూశాను. నిజంగానే బాగుంది. కొండలా పైకి ఎక్కుతూ పోయింది.

నమోదు 55

దిగువకి నిండు రైళ్ళు, ఎగువకి ఖాళీ రైళ్ళు. జనమేమో ఎగువన. కళ్ళ ముందు నుంచే బియ్యం రైలు రేవుకి పోతుంది. మన స్టేషన్లో నీళ్ళు పట్టుకుని మరీ పోతుంది.

రేవులో మనుషులు లేరు కదా, బియ్యం ఎవరికి? ఈ సంగతి మొన్న మా ఆయనకి ఫోన్ చేసి అడిగాను.

"నాకే" అన్నారు ఆయన. "రైల్లో వచ్చిన కూలీల చేత సినిమాహాల్లో నేల నుంచి బాల్కనీ దాకా బస్తాలు పేర్పించా. ఇవాళ నుంచి హైస్కూల్లో పెట్టిస్తన్నా. తొమ్మిదో తరగతి బీ సెక్షన్ నిండిపోయింది వేణీ. ఒక్క మనిషిని, ఎంతని తింటాను?"

"ఒక వాగన్ వెనక్కి వేసి పంపండి."

"పంపితే దింపుకోనిస్తదా అది?"

పంపారు. ఇవాళ వచ్చింది. స్టేషన్ బయట జనం గిన్నెలూ సంచులూ పట్టుకుని నిలబడ్డారు. వాగన్ తలుపు తెరుచుకోలేదు. నిండిన ఊళ్ళో ఇంకా సరుకు దించడం దొంగనిల్వ కిందికి వస్తుందట. ఓబులేసు గునపం తెచ్చాడు. వద్దన్నాను. పక్క లైనులో ఒక ఊరివాళ్ళు తలుపు బద్దలు కొడితే ఆ ఊరికి రైలే ఆపడం మానేసింది పెద్దచెవి. గునపం కింద పడేసి వాడు వాగన్‌కి చెవి ఆనించాడు. రైలు కదులుతుంటే లోపల బస్తాలు ఒరిగి బియ్యం జరజరా జారిన చప్పుడు బయట నిలబడ్డవాళ్ళందరికీ వినపడింది. నాకు ఏడుపొచ్చింది. గదిలోకి పోయి ఆ ఇత్తడి ఫలకాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను.

నమోదు 58

ఉపాయం తేలికైనదే. వంటింట్లో "బియ్యం లేవు" అంటే చాలు. ఇది నేను సగర్వంగా కనిపెట్టాను. నాకు వేరే వంటిల్లు లేదు గనక బుల్లెమ్మ గారి దగ్గరికి పోయి చెప్పాను.

"ఏంటమ్మాయ్, తిన్నగా ఉన్నావా?" అంది ఆవిడ. "ఇల్లాలు లేవన్నాక ఆ ఇంట్లో లక్ష్మి ఉంటదా? లేచెళ్ళిపోద్ది. నా నోటంట ఆ మాట రాదు."

"ఇప్పుడు మాత్రం లక్ష్మి ఉందా పిన్నీ, డబ్బాలో?"

"డబ్బాలో లేపోతే నోట్లోనన్నా ఉండనీ."

మగవాళ్ళ చేత అనిపించాను. పెద్దచెవి పట్టించుకోలేదు. వంటింట్లో మగవాడి మాటకి అది కూడా విలువివ్వదు. ఈ ఒక్క సంగతిలో దానికి లోకజ్ఞానం ఉందని ఒప్పుకోవాలి.

రెండో వీధి ఆడవాళ్ళు మధ్యేమార్గం పట్టారు. "బియ్యం కనపడట్లేదు" అన్నారు. ఇవాళ ఒక వాగన్ నిండా కళ్ళజోళ్ళు వచ్చాయి. అన్నీ చత్వారానివే. పంచిపెట్టాం. ఇప్పుడు ఖాళీ డబ్బాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఇక్కడివాళ్ళు తమ రాగులూ కొర్రలూ మాకూ పెడుతున్నారు. కానీ రెండు గొర్రెల మందల ఊరు నలభై వేలమందికి ఎన్నాళ్ళని పెడుతుంది? ఓబులేసు భార్య తమ సంగటి ముద్దని మూడు భాగాలు చేసి రెండు పక్కింటికి పంపుతోందట. ఆ సంగతి ఓబులేసు చెప్పలేదు. మొన్న వాగన్ తోస్తూ కళ్ళు తిరిగి కూలబడితే, మిగతా కూలీలు చెప్పారు.

నమోదు 59

బుల్లెమ్మ గారు అనేసింది.

వంటింట్లో గంజి పోస్తోంది. బడి పిల్లలు బారులు తీరి ఉన్నారు. ఒక పిల్ల తాగేసి మళ్ళీ గిన్నె చాపింది. బుల్లెమ్మ గారు "నిండుకుంది తల్లీ" అంది. ఆ పిల్ల మరీ చిన్నది, మాటని ఉన్నదున్నట్టు తీసుకుంది. నిండుగా ఉంటే ఎందుకు పొయ్యవు అన్నట్టు గిన్నె దించలేదు.

"లేదమ్మా" అంది బుల్లెమ్మ గారు. తర్వాత గరిటె పడేసి గోడ మీది చెవి వైపు తిరిగి, "లేవు! విన్నావా? లేవు, లేవు, లేవు! గింజ లేదు!" అని అరిచింది. అరిచి, చెంపలు వేసుకుని, కూర్చుని ఏడ్చింది. ఆ తర్వాత వీధి వీధంతా అదే మాట. ఇంటింటి నుంచీ "లేవు" "లేవు" అని వినిపిస్తుంటే ఒళ్ళు గగుర్పొడిచింది నాకు. చిన్నప్పటి నుంచి ఎవరి నోటా వినని మాట అది.

నమోదు 61

పెద్దచెవి జవాబు వచ్చింది. చాలా మర్యాదగా ఉంది.

"మిట్టపాలెంలో బియ్యం లేవు. నిర్ధారణ అయింది. మిట్టపాలెంలో శాశ్వత నివాసులు కూడా లేరు. కనుక గిరాకీ సున్న."

రేవు నుంచి రైలెక్కేటప్పుడు ప్రతి మనిషినీ గేటు దగ్గర అది అడిగింది కదా, ఎక్కడికని. నలభై వేలమందీ, ఒక్కరు తప్పకుండా, "వెళ్ళొస్తాం" అన్నారు. ప్రయాణంలో "పోతున్నాం" అనేవాడెవడు? అంటే కొట్టేవాళ్ళు పక్కనే ఉంటారు కూడా. పెద్దచెవి లెక్కలో మనమందరం పిక్నిక్‌కి వచ్చాం. ఇవాళో రేపో తిరిగి వెళ్తాం. అందుకే రేవుకి నలభై వేలమంది బియ్యం, మన స్టేషన్‌కి ఖాళీ వాగన్లు, సామాన్లు ఎక్కించుకుని దిగువకి దిగుతామని.

ప్రద్యుమ్న గారికి ఫోన్ చేశాను. ఈసారి గ్రాఫ్ గురించి ఏమీ అనలేదు. ప్రతివాళ్ళూ స్టేషన్ గేటు దగ్గరికి వచ్చి ఇక తిరిగి వెళ్ళమని స్వయంగా చెబితే నివాసులుగా రాసుకుంటుందన్నారు. "ఆ రోజుతో రేవు స్టేషన్ మూసేస్తుందండీ. పట్టాలు కూడా ఎత్తించి మీ లైనుకే వేస్తుంది. మంచిదే కదా?" అన్నారు. మంచిదే అన్నాను. ఆయనకి మా ఆయన సంగతి తెలియదు, చెప్పలేదు. ఇక్కడి నుంచి రేవుకి రైలు తప్ప వేరే దారి లేదు.

నమోదు 62

గేటు ముందు నలభై వేలమంది. గేటు పొడవునా చెవులు అతికించారు. వచ్చి, ఒక చెవి ముందు నిలబడి, తిరిగి వెళ్ళమని చెప్పాలి. అంతే పని.

మొదటి వాళ్ళు రేవుతో చెబుతున్నట్టు "ఇక రాం" అన్నారు. పెద్దచెవి అది పేరనుకుంది. మధ్యాహ్నానికి ఊళ్ళో వందమంది రాం అనే పేరుతో నమోదయ్యారు. వాళ్ళలో బుల్లెమ్మ గారు కూడా ఉంది. "రాము" అనిపించి చూశాను. అదీ పేరే. చివరికి "రేవుకి తిరిగి వెళ్ళడం మానుకున్నాం" అని అందరికీ నేర్పాను.

నేర్పడం తేలికే. అనడమే కష్టమైంది వాళ్ళకి. ఒకాయన చొక్కా గుండీలు పెట్టుకుని, జుట్టు దువ్వుకుని వచ్చి మరీ అన్నాడు. అప్పడాల కంపెనీ ఆవిడ అక్కడ తన ఇంట్లో ఏ గదిలో ఏముందో మొత్తం చెప్పి, ఆఖరున ఆ ముక్క అంది. పళ్ళ డాక్టరుకి నోరు పెగలలేదు. అందరి నోళ్ళూ తెరిపించే మనిషి, మళ్ళీ వరస చివరికి వెళ్ళి నిలబడ్డాడు. నీళ్ళలో మునిగిన ఊరే. ఎవరికీ తెలియని సంగతి కాదు. అయినా "వెళ్ళొస్తాం" అన్న మాట అక్కడ ఉన్నంతకాలం, తాళం మన దగ్గరే ఉన్నట్టు ఉంటుంది.

అందరూ చెప్పారు. పెద్దచెవి అన్నీ రాసుకుంది. చివర్లో ఇంకొక్క ముక్క అడిగింది. స్టేషన్ శాశ్వతం కావాలంటే స్టేషన్ గుమస్తా కూడా శాశ్వతం కావాలి కదా అని.

రేపు చెబుతానన్నాను. ఓబులేసు, బుల్లెమ్మ గారు, వెనక ఇంకో నలుగురు నా మొహం వైపు చూసి, చూడనట్టు తలలు తిప్పుకున్నారు.

ఇక్కడ ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. ఆ నలభై వేలమందిలో "వెళ్ళొస్తా" అని నిజంగా అనుకుని అన్నదాన్ని నేనొక్కదాన్నే.

నమోదు 64

బియ్యం వచ్చాయి. ఆరు వాగన్లు. తలుపులు తెరుచుకున్నాయి. బుల్లెమ్మ గారు వండింది. నేను తిన్నాను, సిగ్గు లేకుండా రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఓబులేసు భార్య కొంగులో నాలుగు గింజలు కట్టుకుని తీసుకుపోతుంటే, చూసి మరో రెండు సంచులు ఇంటికి పంపించాను.

నిన్నటిది నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నా.

నిన్న గేటు దగ్గరికి పోయేముందు మా ఆయనకి ఫోన్ కలిపాను. స్టేషన్ల మధ్య ఫోను గనక పెద్దచెవి కూడా వింటూనే ఉంటుంది. మొగుడూ పెళ్ళాలకి అంత ఏకాంతం చాలునని సంస్థ ఉద్దేశం.

"నేను కూడా చెప్పాలటండీ. చెబితే ఇక రైలు రాదు. పట్టాలు ఎత్తేస్తారు."

"తెలిసింది."

"మీరు వచ్చెయ్యండి. చిట్టచివరి రైలు ఇంకా ఉంది."

"పోటు ఎవరాపుతారు?"

"సముద్రం అడిగిందా మిమ్మల్ని ఆపమని?"

నవ్వారు. "అది అడగదు. కాలవ ఎగువ ఊళ్ళవాళ్ళు అడుగుతన్నారు. మొన్న వరి కోశారంట, ఓ బుట్టెడు కొత్త బియ్యం తెచ్చారు నాకు. నాకే, బియ్యం!"

నాకు నవ్వు రాలేదు. ఆయనే "చెప్పెయ్ వేణీ. అంతమంది ఆకలి మీద కూర్చుని మనం మాట్లాడుకోవడం బాలేదు" అన్నారు.

ఫోను చేతిలో పట్టుకునే గేటు దగ్గరికి నడిచాను. చెప్పాను. "సత్యవేణిని. గొల్లలరేవుకి తిరిగి వెళ్ళడం మానుకున్నాను." వేలమందికి నేర్పిన వాక్యం. నాకు ఒక్క ఊపులో రాలేదు, మధ్యలో ఆగి మళ్ళీ మొదలుపెట్టాను. ఆయన అటునుంచి మొత్తం విన్నారు. తలుపు దగ్గర నిలబడవద్దని కూడా అనలేదు.

"వేణీ" అన్నారు, చివరికి. "ఒంట్లో జాగ్రత్త. ఉంటాను మరి."

ఫోను పెట్టేశారు.

పెద్దచెవి వెంటనే ఏమీ రాసుకోలేదు. ప్రద్యుమ్న గారు పాపం ఏ పైవాళ్ళ కాళ్ళు పట్టుకున్నారో, దానికి కొత్త నియమం ఒకటి పెట్టించారు: ఈ జనం మాటలకి అర్థం తేలకపోతే గుమస్తాని అడిగి తెలుసుకోవాలని. పుట్టాక మొదటిసారి అది ఒక మాటకి అర్థం అడిగింది.

"గొల్లలరేవు నివాసి జగ్గారావు 'ఉంటాను' అన్నారు. మీ ప్రాంతంలో ఫోన్ ముగించేటప్పుడు సెలవు తీసుకోవడానికి కూడా ఆ మాట వాడతారని తెలిసింది. ఈయన సెలవు తీసుకున్నారా? అలా అయితే లాకు పని రద్దు చేసి, ఆయనను సామానుతో సహా చివరి రైలులో మిట్టపాలెం తరలిస్తాము. లేక నిజంగానే అక్కడ ఉంటారా?"

ఒక్క మాట. సెలవు తీసుకోవడమే, మా వాళ్ళందరూ అలాగే అంటారు అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఎవరినడిగినా అవుననే చెబుతారు. తిట్టుకుంటూ, బుట్టెడు కొత్త బియ్యం చంకన పెట్టుకుని, మా ఆయన ఈ ప్లాట్‌ఫారం మీద దిగేవారు. ముప్ఫై ఊళ్ళు ఉప్పుతో పోయేవి. ఇన్నాళ్ళూ దానికి మన మాటలు అర్థం కావడం లేదని తిట్టిపోశాను. ఇప్పుడు అర్థమవుతుంటే, నన్నెందుకు అడుగుతావే అని దాని మీద పడి కొట్టాలనిపించింది.

గేటు అవతల గిన్నెలు పట్టుకుని జనం నిలబడే ఉన్నారు. వాళ్ళకిక బియ్యం వస్తాయి, ఈ ప్రశ్నతో వాళ్ళకి పని లేదు. ఇది నాకొక్కదానికే వచ్చిన ప్రశ్న.

"ఉంటారు" అన్నాను.

మళ్ళీ అడగలేదు. రాసుకుంది.